సబ్బుపొడిలో పెట్టిన మడిగె

మణుగూరు,
9 సెప్టెంబరు 2007

దుకాణాన్నీ, ఇంటినీ, మా అన్ననూ ఒంటిచేత్తో నడిపిస్తున్న లిదియా వదినకు,

నీ ఆడబిడ్డ తబిత వందనాలు. మేమిద్దరం బాగున్నాం. మీరు బాగున్నారని మొన్న కొత్తగూడెం బస్సులో కలిసిన మీ చర్చి సంఘం వాళ్ళు చెప్పారు కాబట్టి ఆ ముక్క అడగకుండా అసలు సంగతికి వస్తున్నాను.

నువ్వు చిట్టీ ఎత్తి నా చేతిలో పెట్టిన డబ్బు బ్యాంకులో భద్రంగా ఉంది. "మీ అన్న కంటబడితే మిరప తోటకు పెడతడు. వెంకటరామారావు సారు మడిగె అమ్మేదాక నీ తాననే ఉండనీ" అన్నావు. ఉంచాను. కానీ వదినా, రోడ్డు మీద షట్టరున్న గది అంటే ఇప్పుడు ఏన్కూరులో కూడా ధర ఆగడం లేదు. బ్యాంకు వడ్డీ నడిచి పోతుంటే సారు మడిగె ధర పరుగెత్తిపోతోంది. సారుకు కిరాయి కడుతూ ఆ గదిలోనే నీ జుట్టు నెరిసిపోతుందేమోనని నాకు దిగులుగా ఉంది.

ఇక్కడ మా ఆసుపత్రిలో నర్సుల నుంచి వార్డు బాయ్‌ల దాకా అందరి నోటా షేర్ల మాటే. ఖమ్మంలో ఖానాపురం హవేలి దగ్గర ఆఫీసు పెట్టిన క్రాంతికుమార్ అనే అబ్బాయి వారానికొకసారి వచ్చి ఖాతాలు తెరిపిస్తున్నాడు. నాకూ తెరిచాడు. సిమెంటు కొనమంటాడు, ఫోన్ల కంపెనీలు కొనమంటాడు. నాకు తెలియని దాంట్లో పెట్టనన్నాను. "మరి మీకు తెలిసిందేంది మేడం?" అన్నాడు. కిటికీలోంచి బయటికి చూశాను. కాలనీ అంతా తీగల మీద దుప్పట్లు. పొద్దున తెల్లగా ఆరేస్తే సాయంత్రానికి బొగ్గు దుమ్ము పడి బూడిద రంగుకు తిరుగుతాయి. మళ్ళీ ఉతకాలి. జీతాలు ఆలస్యమైనా, సమ్మె జరిగినా ఈ ఊళ్ళో ఉతుకుడు ఆగడం నేను చూడలేదు. "సబ్బుపొడి" అన్నాను.

కాబట్టి నువ్వు ఒక్కటి చెప్పాలి. నీ దుకాణంలో అన్నిటికంటే ఎక్కువగా పోయే పొడి ఏది? పేపరు వాళ్ళ రాతల కంటే నాకు నీ తక్కెడ మీదే నమ్మకం. ఫోన్ మాత్రం చేయకు. దుకాణంలో ఫోన్ పట్టుకుంటే పక్కనే అన్న ఉంటాడు. ఉత్తరమైతే పోస్టుమన్ పగిడయ్య నీ చేతికే ఇస్తాడు.

నీ జవాబు కోసం గేటు వైపు చూస్తూ,
తబిత


ఏన్కూరు,
18 సెప్టెంబరు 2007

బొగ్గు దుమ్ములో కూర్చుని పెద్ద పెద్ద కంపెనీలు కొంటున్న దొరసానికి,

నీ ఉత్తరం పప్పుల డబ్బా వెనక నిలబడి చదివాను. మీ అన్నకు మిరప, నీకు షేర్లు. మీ ఇంట్లో పుట్టినవాళ్ళ చేతిలో డబ్బు ఒక్కచోట కూర్చోదు కదా. నేను దాచుకున్నది ఒకసారి ముడత తెగులుకు పోయింది, ఇంకోసారి మంచి పంట పండి ధర లేక పోయింది. మూడోసారి పోతే నాకు దాచుకునే ఓపిక కూడా ఉండదు, ముందే చెబుతున్నాను.

అయినా నీ మాటలో నిజముంది. సారు మొన్న దుకాణం ముందు కుర్చీ వేసుకుని, "బిడ్డ దగ్గరికి ఖమ్మం పోతున్నమ్మా. ఎండాకాలం లోపల మడిగె అమ్ముత. ముందుగాల నిన్నే అడుగుత" అన్నాడు. ఆయన పోయాక షట్టరు మీద చెయ్యి వేసి నిలబడ్డాను. ఎంత పిచ్చి చూడు.

నువ్వు అడిగిన దానికి జవాబు. పెద్ద కంపెనీల పొట్లాలు దండల్లా వేలాడుతుంటాయి, ఎవరో ఒకరు తెంపుకుపోతారు. బస్తాలకు బస్తాలు పోయేది మాత్రం హంసధార ఒక్కటే. కిలో ప్యాకెట్టు, బాగా చౌక. తండా నుంచి రూప్‌సింగ్ వచ్చి మోటారు సైకిలు వెనక మూటే కట్టుకుపోయాడు. సంత రోజు పొద్దున పెట్టిన సరుకు మధ్యాహ్నానికి లేదు. ఖమ్మం వ్యాపారికి ఫోన్ చేస్తే "ఇంకా ఏడికెల్లి పంపాలమ్మా" అని విసుక్కున్నాడు. పోయిన ఏడాదీ ఇట్లాగే పోయింది.

ఏ పొడి ఎక్కువ పోతుందని అడిగావు, చెప్పాను. మిగతాది నీ చదువు, నీ ఇష్టం. నా మడిగె మాత్రం మరిచిపోకు.

దుకాణం మూసే వేళయింది,
లిదియా


మణుగూరు,
30 సెప్టెంబరు 2007

ఇప్పుడు ఒక కంపెనీలో భాగస్వామి అయిన మా వదినకు,

కొనేశాను! హంసధార కంపెనీ హైదరాబాదు అవతల ఎక్కడో ఉందట. చిన్నది. క్రాంతికుమార్ పెదవి విరిచాడు. "గిదెవరు కొంటరు మేడం?" అన్నాడు. "మా వదిన దుకాణంల కొంటరు" అన్నాను. తల గోక్కుంటూ ఫారం నింపాడు.

కొన్నప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు. డ్యూటీలో ఉండగానే పేపరు తెప్పించుకుంటున్నాను. ఆ సన్నటి అంకెల్లో మన కంపెనీ పేరు వెతికి వేలు పెట్టి చూస్తుంటే డాక్టరుగారు, "ఏంటి సిస్టర్, లాటరీనా?" అని నవ్వారు. ఇంట్లో, వీధిలో ఎవరు బట్టలు ఉతుకుతున్నా పోయి ఏ పొడి అని అడుగుతున్నాను. మా ఆయనకు నా వాలకం చూసి భయమేస్తోందట.

నేను ఆలోచించిన సంగతి చెప్పనా? తండాలకు రోడ్డు పడింది, పిల్లలు బడికి పోతున్నారు, తెల్ల చొక్కాలు వేస్తున్నారు. తెల్ల చొక్కా ఇంట్లోకి వచ్చిందంటే ఇక పొడి కొనక తప్పదు. ఇది ఒక్క ఏన్కూరు సంగతి కాదు, అన్ని ఊళ్ళలోనూ ఇదే జరుగుతుంది. హైదరాబాదులో కూర్చున్న వాళ్ళకు ఇది కనిపించదు, నీకూ నాకూ కనిపించింది. రూప్‌సింగ్ భార్య సక్రి వారానికి ఎన్నిసార్లు ఉతుకుతుందో, ఒక్కసారికి ఎంత పొడి వేస్తుందో అడిగి రాయి. లెక్క వేసుకుంటాను.

నీ మడిగెకు ఏ రంగు వేయించాలో ఆలోచించుకో.

సంతోషంతో,
తబిత


ఏన్కూరు,
12 అక్టోబరు 2007

నా పిచ్చి తల్లీ తబితా,

నీ ఉత్తరం వచ్చేసరికి సక్రి దుకాణంలోనే ఉంది. నువ్వు రాసిన తెల్ల చొక్కాల ముక్క చదివి వినిపించాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "దాంతోని బట్టలెవరు ఉతుకుతరమ్మా? చేతులు మంటలేస్తయి. మేము బిళ్ళ సబ్బుతోనే ఉతుక్కుంటం. అది తోటకు" అంది.

అవునే, తోటకే! మిరపకు వేపనూనె కొట్టాలంటే నూనె నీళ్ళలో కలవదు. ఇంత సబ్బుపొడి వేసి గిలక్కొడితే కలుస్తుంది, ఆకును పట్టుకుంటుంది. అన్ని పొడులూ పనికొస్తాయి, హంసధార చౌక కాబట్టి అందరూ అదే కొంటారు. మీ అన్న కూడా మన దుకాణం నుంచే తీసుకుపోతాడు. నువ్వు చిన్నప్పుడే ఖమ్మం హాస్టలుకు పోయావు, అప్పుడు మీ ఇంట్లో మిరప లేదు. నీకు తెలియదని నాకు తోచలేదు. ఇక్కడ పసిపిల్లనడిగినా చెబుతుంది. బియ్యం ఎందుకు కొంటారని నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. ఇదీ అంతే.

సక్రితో కలిసి నేనూ నవ్వాను. ఆమె పోయాక మాత్రం మిగిలిన హంసధార ప్యాకెట్లు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. తోటలకు కొట్టుడు అయిపోతే ఆ ప్యాకెట్టును ఎవరూ ముట్టుకోరు. వేసవంతా దాని మీద దుమ్ము దులుపుతుంటాను. ఒక ఏడాది మిరప ధర పడితే ఆ మరుసటేడు తోటలే వేయరు. మీ అన్న మిరపలో పెడతాడని దాచిన డబ్బును నువ్వు తీసుకుపోయి మళ్ళీ మిరపలోనే పెట్టావు తబితా.

అమ్మెయ్. ఈ ఉత్తరం అందిన రోజే అమ్మెయ్.

లిదియా


మణుగూరు,
25 అక్టోబరు 2007

నన్ను చూసి ఊరంతా నవ్వేలా చేసిన వదినకు,

అమ్మేశాను. కొన్న ధర కంటే కొంచెం ఎక్కువే వచ్చింది. డబ్బు మళ్ళీ బ్యాంకులో పడింది, ఇక నిశ్చింతగా ఉండు. క్రాంతికుమార్ ఎందుకమ్ముతున్నారని అడిగితే ఇంట్లో అవసరమన్నాను. అసలు కారణం చెబితే ఖానాపురం హవేలిలో షేరు ఆటోల వాళ్ళు కూడా చెప్పుకుని నవ్వుకుంటారు.

సిగ్గుగా ఉంది వదినా. మా ఇంటి చేలో ఏం కొడుతున్నారో తెలియకుండా ఇన్నేళ్ళు బతికాను. సెలవుకు వచ్చినప్పుడు చీర నలగకుండా గట్టు మీదే నిలబడి వచ్చేదాన్ని కదా. ఈసారి వస్తే లోపలికి దిగి చూస్తాను.

సక్రికి నా వందనాలు చెప్పు, మరీ ఎక్కువ నవ్వొద్దని కూడా చెప్పు.

తబిత


ఏన్కూరు,
22 నవంబరు 2007

నా మాట విన్న ఒకే ఒక్క ఆడబిడ్డకు,

నా గుండె మీది బరువు దింపావు. సారుకు మాటిచ్చాను. జనవరి నెలాఖరుకు రిజిస్ట్రేషన్ పెట్టుకుందామన్నాడు. ఆ రోజు పొద్దున మీ అన్నకు చెబుతాను. ఎట్లా చెప్పాలో అద్దం ముందు నిలబడి నేర్చుకుంటున్నాను. "ఏమయ్యా, కొత్త చొక్కా ఏసుకో, మడిగె రాయించుకుందాం పా" అంటాను. ఆయన మొహం చూడాలని ఉంది.

మీ క్రాంతికుమార్ ఏదో పని మీద ఏన్కూరు వచ్చి నా దుకాణం వెతుక్కుని వచ్చాడు. చాయ్ తాగించాను. ఆ హంసధార ఇప్పుడు రెట్టింపుకు పోయిందట. ఎవరో పెద్ద కంపెనీ వాళ్ళు దాన్ని కొనేస్తారని పుకారట. "మా మేడం తొందరపడ్డది" అన్నాడు. నువ్వు కొన్నాళ్ళు ఆగి ఉంటే మడిగెతో పాటు పైన ఒక అంతస్తు కూడా వచ్చేది, మేడ మీద కూర్చుని నేను బీడీ కట్టలు విసురుతుంటే కిందివాళ్ళు పట్టుకునేవాళ్ళు. నా రాత, ఏం చేస్తాం!

తోట మంచిగ ఉంది. మీ అన్న ఈసారి నన్ను ఒక్క పైసా అడగలేదు. అడగనందుకే నాకు ఏదోలా ఉంది.

క్రిస్మస్‌కు వస్తావు కదా,
లిదియా


మణుగూరు,
27 డిసెంబరు 2007

వదినకు క్రిస్మస్ శుభాలు, అన్నకూ నా మాటగా చెప్పు,

రాలేకపోయాను. సెలవు దొరకలేదు. గట్టిగా అడిగితే దొరికేదేమో, అడగాలనిపించలేదు. ఇక్కడ గనిలో మధ్యాహ్నం పేల్చినప్పుడు కిటికీ అద్దాలు అదురుతాయి కదా, ఇన్నేళ్ళుగా అలవాటైన చప్పుడే. ఈ మధ్య దానికి కూడా ఉలిక్కిపడుతున్నాను.

డబ్బు గురించి నువ్వేమీ ఆలోచించకు. జనవరి నెలాఖరు అన్నావు కదా, అప్పటికి అన్నీ సర్దుకుంటాయి. సారు ఫిబ్రవరి అంటే ఇంకా మంచిది, తొందరపెట్టకు.

ఈ ఉత్తరంలో రాయడానికి ఇంకేమీ లేదు.

తబిత


ఏన్కూరు,
24 జనవరి 2008

ముక్తసరిగా రాసి నన్ను దిగులు పెట్టిన తబితకు,

ఒంట్లో బాగుండటం లేదా? మీ ఆయనతో ఏమైనా మాటా మాటా వచ్చిందా? నా దగ్గర దాచకు. దాచుకునే సంగతి మనిద్దరికీ ఇప్పటికే ఒకటుంది, అది చాలు.

పక్కింటి టీవీలో చూశాను. షేర్లన్నీ కూలిపోయాయట కదా, ఎవరో తల పట్టుకుని కూర్చుంటే చూపించారు. వెంటనే ప్రభువుకు కృతజ్ఞత చెప్పుకున్నాను. ఆ రోజు సక్రి నవ్వకపోతే మన గతి ఏమయ్యేది? ఆమెకు అరకిలో చక్కెర ఊరికే ఇచ్చాను. ఎందుకిస్తున్నానో అర్థం కాక నా మొహం చూసింది.

సారు ఫిబ్రవరి పది అన్నాడు. నీ చేతులమీదుగానే జరగాలని నా కోరిక. డబ్బు తీసుకుని రెండు రోజుల ముందే రా. మీ అన్న ఒకటే అడుగుతున్నాడు, "గింత ఉషారుగున్నవేంది?" అని. నోటి దాకా వచ్చింది, మింగేశాను.

నీ రాక కోసం,
లిదియా


మణుగూరు,
2 ఫిబ్రవరి 2008

వదినా,

పైన ఏం రాయాలో తెలియక నీ పేరు కూడా రాయలేదు. డబ్బు లేదు. ఉంది కానీ హంసధారలో ఉంది. డిసెంబరు మొదట్లో మళ్ళీ కొన్నాను.

నీ నవంబరు ఉత్తరం ఎన్నిసార్లు చదివానో. అంతస్తు మాట నువ్వు నవ్వులాటకు, మేలానికి రాశావని ఇప్పుడు చదివితే తెలుస్తోంది. అప్పుడు దెప్పావనుకున్నాను. నా తొందర వల్ల నీకు రావాల్సింది పోయిందనిపించింది. రోజూ పేపరు చూడటం, అది రోజూ పెరగడం. నా చేతిలోది ఎవరో లాక్కుపోతున్నట్టు ఉండేది. ఒక్క వారం ఉంచి, ఆ మేడ డబ్బు కూడా తెచ్చి నీ ఒళ్ళో పెడదామనుకున్నాను. అది తోటలకు కొట్టే పొడి అని తెలిసి కూడా కొన్నాను వదినా. తెలియక చేసింది మొదటిసారి మాత్రమే.

కొన్న వారానికే జారడం మొదలైంది, కొన్న ధర వస్తే అమ్ముదామని ఆగాను, జనవరిలో కుప్పకూలింది. ఆ పుకారు కూడా ఉత్తదేనట. పొద్దున్నే ఫోన్ బూతుకు పోయి అమ్మమని చెబుతున్నాను. "కొనేటోడు లేడు మేడం, రోజూ పొద్దుగాల్నే ధర కిందికి పోయి ఆడనే ఆగుతుంది" అంటాడు క్రాంతికుమార్. అమ్ముడుపోయే రోజుకు పెట్టిన దాంట్లో సగం కూడా రాదు. నా పీఎఫ్ మీద లోనుకు పెట్టాను. అది చేతికి రావడానికి ఏప్రిల్ అవుతుంది. సారును అప్పటిదాకా ఆగమని అడుగు. నా పేరు చెప్పి అడుగు, తప్పంతా నాదని చెప్పు.

క్రిస్మస్‌కు సెలవు దొరకలేదన్నది అబద్ధం. నీ మొహం చూడలేక రాలేదు.

తబిత


ఏన్కూరు,
9 మార్చి 2008

తబితా,

నీ ఉత్తరానికి జవాబు రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది. రెండుసార్లు మొదలుపెట్టి చింపేశాను. అందులో రాసినవి నువ్వు చదవకపోవడమే మంచిది.

సారును అడిగాను. పాపం, ఇరవై రోజులు ఆగాడు. ఖమ్మంలో కూతురి ఇంటి పని మధ్యలో ఆగిపోయి, ఇక ఆగలేక మన ఊరి వీరన్నకు రాసిచ్చేశాడు. వీరన్న సెల్‌ఫోన్ల దుకాణం పెడతాడట. ఖాళీ చేయమని గట్టిగా కూడా అనలేదు, "నీకు ఈలైనప్పుడే తియ్యి వదినె" అన్నాడు. అట్లా అన్నాక ఒక్క రోజు కూడా ఉండబుద్ధి కాలేదు. సామాను ఇంటి ముందు గదిలోకి తెచ్చుకున్నాను. మా వీధిలోకి ఎవరొస్తారు? పక్కవాళ్ళు అగ్గిపెట్టె కోసం వస్తున్నారు, అరువు పెట్టి పోతున్నారు.

నీ మీద కోపముంది. డబ్బు పోయినందుకు కాదని రాస్తే గొప్పగా ఉంటుంది కానీ అది అబద్ధం. డబ్బు పోయినందుకే. ఆ తర్వాత, నేను సక్రికి చక్కెర ఇచ్చి మురిసిపోతున్నప్పుడు నువ్వు అక్కడ నోరు మూసుకుని ఉన్నందుకు. నాది కూడా తప్పుంది. ఆ మేడ మాట రాసేటప్పుడు ఉత్త మేలమే అనుకున్నాను, కానీ కొంచెం కడుపుమంట కూడా ఉంది. నువ్వు సరిగ్గా దాన్నే పట్టుకున్నావు.

మీ అన్నకు చెప్పేశాను. సామానంతా ఆయనే మోశాడు. తక్కెడ, డబ్బాలు, ఆఖరికి షట్టరు పక్కన కొట్టిన మేకులు కూడా పీకి జేబులో వేసుకున్నాడు. "గా మడిగె మనకే ఇస్తనన్నడు గదా సారు, ఏమైంది?" అని అడిగాడు. ఇక మింగలేకపోయాను. చిట్టీ, నువ్వు, హంసధార, అన్నీ చెప్పాను. అరుస్తాడనుకున్నాను. అరిస్తే నేనూ ముడత తెగులు నాటి నుంచి మొదలుపెట్టి అన్నీ దులుపుదామని సిద్ధంగా ఉన్నాను.

అరవలేదు. గడప మీద కూర్చుని జేబులోని మేకులు తీసి ఒక్కొక్కటే పక్కన పెట్టాడు. ఆ తర్వాత అన్నాడు, "నీకు నా మీద నమ్మకం లేకపాయె. సరే, నేను చేసుకున్నదే. నా చెల్లె చేతుల పెట్టినవు. గదే నేనైతే నీ కండ్ల ముందల పోగొట్టేటోన్ని గదా లిదియా. ఇద్దరం కలిసి ఏడ్చేటోళ్ళం."

అంతే. మళ్ళీ ఆ ఊసెత్తలేదు. అన్నం పెడితే తింటాడు, కల్లంలో కాయలు ఎండబెట్టడానికి పోతాడు, వచ్చి కాళ్ళు కడుక్కుంటాడు, దుకాణంలో ఏమైనా పోయిందా అని అడుగుతాడు. నీ మీద ఒక్క మాట అనలేదు, నా మీద కూడా అనలేదు. తిట్టినా బాగుండేది.

ఆ లోను రద్దు చేయించుకో, ఇప్పుడు దాంతో కొనడానికి మడిగె లేదు. ఉత్తరం మాత్రం రాయకు. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యేసరికి బస్సు దిగు. ఏం తెస్తావని నేను అడగను, ఏం చెబుతావని కూడా అడగను. రాత్రి అన్నాల దగ్గర ఆయన ఎదురుగా నేనొక్కదాన్నే కూర్చోలేకపోతున్నాను.

మీ వదిన,
లిదియా